‘ప్రతులకు: రచయిత’ – తెలుగు స్వీయ ప్రచురణలో విక్రయ మార్గం, పాఠక నిర్ణయం

పుస్తకంలో లోపలి ముఖపత్రం వెనుక పుటను విమర్శకుడు సాధారణంగా చదవడు. ప్రథమ ముద్రణ నెల, ప్రతుల సంఖ్య, వెల, ముఖచిత్రకారుడి పేరు, అక్షరకూర్పు, ముద్రణాలయం, అన్నిటికీ చివర ‘ప్రతులకు’ అన్న మాట కింద ఒక చిరునామా. పరిశోధకుడికి ఇందులో కావలసింది సంవత్సరం ఒక్కటే. తక్కిన వివరాలు సిద్ధాంత గ్రంథాల ఉపయుక్త గ్రంథసూచిలోకి కూడా చేరవు. అయితే ఇవాళ తెలుగులో వెలువడుతున్న కవితా సంపుటాల్లో, కథా సంపుటాల్లో, వ్యాస సంపుటాల్లో ఆ చిరునామా చాలా తరచుగా రచయిత ఇంటిదే. ప్రచురణ సంస్థగా కనిపించే పేరు తల్లిదండ్రుల జ్ఞాపకార్థం పెట్టుకున్నదో, పిల్లల పేర్లు కలిపి కూర్చుకున్నదో, సొంత ఊరిదో అయి ఉంటుంది. ఖర్చు రచయితది. కట్టలు ఉండేది రచయిత ఇంట్లో. అమ్మకం బాధ్యతా రచయితదే. ఇట్లాంటి ప్రచురణను ఈ వ్యాసంలో స్వీయ ప్రచురణ అని వ్యవహరించడం జరుగుతుంది.

స్వీయ ప్రచురణ అనగానే, ప్రచురణకర్త దొరకని రచన అన్న చిన్నచూపు ఇతర భాషా సమాజాల్లో ఉండవచ్చు. తెలుగులో ఆ అర్థం చెల్లదు. కవిత్వానికి ఇక్కడ ఇదే సాధారణ మార్గం కాబట్టి, మంచి పుస్తకమూ చెడ్డ పుస్తకమూ ఈ దారినే వస్తాయి. అందువల్ల పుస్తకాన్ని ఎవరు ప్రచురించారన్న ప్రశ్న దాని విలువ గురించి ఏమీ చెప్పదు. చెప్పగలిగేది మరొక ప్రశ్న: రచయిత ఆ పుస్తకాన్ని ఏ దారిన పంపాడు? ‘మార్కెటింగ్’ అన్న మాట సాహిత్య చర్చల్లో చులకనగా వినిపిస్తుంది గాని, అమ్మే దారిని ఎంచుకోవడమంటే చదివే మనిషిని ఎంచుకోవడమే. ఆ ఎంపిక రచన ముగిశాక మొదలయ్యేదని అనుకోవడం పొరపాటు. అంకితంలో, పీఠికల సంఖ్యలో, పుటల పరిమాణంలో, కొన్ని సందర్భాల్లో భాషలో కూడా దాని జాడ ఉంటుంది. ఆ జాడను సాహిత్య విమర్శ పరిధిలోకి తీసుకురావడమే ఈ పరిశీలన ఉద్దేశం.

కృతిభర్త నుంచి చందాదారు దాకా

ప్రాచీన కావ్యానికి కొనుగోలుదారు ఒక్కడే. అతడు కృతిభర్త. ఈ సంబంధాన్ని రాజాస్థానంతో ముడిపెట్టి చూడటం అలవాటైనా, శ్రీనాథుడి హరవిలాసం దాన్ని వేరే కోణంలో చూపుతుంది. ఆ కావ్యం అంకితమందినవాడు అవచి తిప్పయ్య సెట్టి, సుగంధ ద్రవ్యాల వర్తకుడు. అవతారికలో ఆ వర్తకుడు దేశదేశాల నుంచి తెప్పించే సరుకుల ప్రస్తావన ఉంది. శివకథల కావ్యం ప్రవేశద్వారంలో ఓడలూ, కర్పూరమూ ఉండటం రసదృష్టితో చూస్తే వింతే. కాని ఆ అవతారిక కావ్యం ఎవరి దగ్గరకు వెళుతున్నదో దాచకుండా చెబుతుంది. పాఠకుణ్ణి, లేదా పోషకుణ్ణి, ఎంచుకున్న తీరు కావ్య శరీరంలో భాగమైంది. కృతిపతి వంశవర్ణననూ షష్ఠ్యంతాలనూ విమర్శకులు ‘కావ్యేతరం’గా పక్కన పెట్టినప్పుడు పోగొట్టుకున్నది ఈ సమాచారమే.

అచ్చు వచ్చాక కొనుగోలుదారు ఒక్కడు కాకుండా పోయాడు. అతణ్ణి వెతకవలసి వచ్చింది. ఈ వెతుకులాటను అందరికన్నా ముందుగా, అందరికన్నా స్పష్టంగా అర్థం చేసుకున్నవాడు కందుకూరి వీరేశలింగం. 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించాడు. తర్వాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం ఏర్పరచుకున్నాడు. రాజశేఖర చరిత్రము 1878 నుంచి ఆ పత్రికలో వరుసగా వెలువడి, 1880లో పుస్తకమైంది. ఈ క్రమాన్ని సాహిత్య చరిత్రలు తేదీలుగా మాత్రమే చెబుతాయి. నిజానికి ఇది ఒక విక్రయ వ్యూహం. పుస్తకం అచ్చయ్యే నాటికే దాన్ని చదివినవారు, చదువుతున్నవారు, దాని గురించి విన్నవారు పత్రిక చందాల పుస్తకంలో పేర్లతో సహా ఉన్నారు. రచయిత, సంపాదకుడు, ముద్రాపకుడు, విక్రేత ఒకే మనిషి కావడం వల్ల, ప్రకరణం ముగిసే చోట తర్వాతి సంచిక కోసం ఎదురుచూసే పాఠకుడు ఉన్నాడన్న ఎరుక రచనలో ప్రవేశించడానికి వీలు కలిగింది. రాజశేఖర చరిత్ర నిర్మాణంలోని విడివిడి ఘట్టాల ధోరణిని చర్చించేవారు, ఆంగ్ల మూలం ప్రభావంతో పాటు ఈ పత్రికా క్రమాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 1883లో స్త్రీల కోసం సతీహితబోధినిని ఆయన వేరుగా నడపడం కూడా ఇదే దృష్టికి కొనసాగింపు. ఒక పాఠక సమూహానికి ఒక పత్రిక, ఆ పత్రిక వెంట పుస్తకాలు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి తిరుపతి వేంకట కవులది. అవధానం వారికి విద్యాప్రదర్శన. అదే సమయంలో గ్రంథానికి ముందు నడిచే చాటింపు కూడా. సంస్థానాల సందర్శన వారి జీవనమార్గం మాత్రమే కాదు, నానారాజ సందర్శనము అన్న పేరుతో అదే ఒక కృతి అయింది. పోషకుణ్ణి చేరే ప్రయాణమే కావ్యవస్తువు కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగులో దొరకదు. తర్వాత పాండవోద్యోగ విజయముల పద్యాలు రంగస్థలం ద్వారా ఊరూరా చేరాయి. పద్యం ముందు చెవిన పడి, పుస్తకం తర్వాత చేతికొచ్చింది. కొన్నవాడు తనకు తెలియని పుస్తకాన్ని కొనలేదు, అప్పటికే నోటికి వచ్చినదాన్ని కొన్నాడు.

1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్వీయ ప్రచురణ పరిధిలోకి రాదు. అయినా పోలిక కోసం దాన్ని తలచుకోవాలి. చందాదారు ముందుగా చేరతాడు, పుస్తకం తర్వాత వస్తుంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు చరిత్రను, శాస్త్ర విషయాలను తెలుగులో రాయించగలిగారంటే, ఒక్కో పుస్తకాన్ని విడిగా అమ్ముకోవలసిన అవసరం లేకపోవడం అందుకు ఒక కారణం. ఒంటరి రచయితకు లేనిది ఈ ముందస్తు పాఠకుడే.

ఆవిష్కరణ సభ

నేటి స్వీయ ప్రచురణకర్త మొదట ఎంచుకునే మార్గం ఆవిష్కరణ సభ. అధ్యక్షుడు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, పుస్తక సమీక్షకుడు, తొలిప్రతి స్వీకర్త, వందన సమర్పణ చేసేవారు: ఈ క్రమం ఎంత స్థిరపడిందంటే, ఆహ్వానపత్రం చూస్తే పుస్తకం ఏ వర్గం చేతుల్లోకి వెళ్లబోతున్నదో చెప్పవచ్చు. వేదిక మీద ఉన్నవారిలో ఎక్కువమంది రచయితలే. ఎదుట కూర్చున్నవారిలోనూ చాలామంది రచయితలే. పుస్తకం అక్కడ అమ్ముడుపోవడం తక్కువ, పంచబడటం ఎక్కువ. తీసుకున్నవారు తమ పుస్తకం వచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. ఇది సభామర్యాద అనిపించినా దీని లోపల ఒక ఆర్థిక విధానం ఉంది: వస్తువుకు వస్తువు మారకం. ఈ మారకంలో రచయిత కానివాడికి చోటు లేదు, ఎందుకంటే అతడి దగ్గర తిరిగి ఇవ్వడానికి పుస్తకం ఉండదు.

ఈ తంతును లోపలి నుంచి తలకిందులు చేసినవారు దిగంబర కవులు. వారి మొదటి సంపుటిని 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండవ సంపుటిని 1966లో విజయవాడలో ఒక హోటలు పనివాడు, మూడవదాన్ని 1968లో విశాఖపట్నంలో ఒక యాచకురాలు ఆవిష్కరించారు. నగ్నముని, నిఖిలేశ్వర్, చెరబండరాజు, జ్వాలాముఖి, భైరవయ్య, మహాస్వప్న అన్న పేర్లు, ఆ పేర్ల వెనుక తిరస్కారం, వేదిక లేని వీధి, అర్ధరాత్రి: ఇవన్నీ కలిసి పుస్తకానికి ముందే పుస్తకం గురించిన చర్చను పుట్టించాయి. దీన్ని ప్రచార కౌశలం అని కొట్టిపారేసినవారూ ఉన్నారు, విప్లవాత్మక చర్య అని మెచ్చుకున్నవారూ ఉన్నారు. రెండు అభిప్రాయాలూ ఆవిష్కరణను కవిత్వానికి బయట ఉంచి మాట్లాడతాయి. సంపుటాల లోపలి కవిత్వం మధ్యతరగతి మర్యాదను నిలదీస్తుంది. సంపుటి బయటి ఆవిష్కరణా అదే పని చేస్తుంది. లోపలి పాఠానికీ బయటి చర్యకూ మధ్య ఇంత పొందిక ఉన్న సందర్భాలు తెలుగు ప్రచురణలో అరుదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. రిక్షా కార్మికుడు ఆవిష్కర్త అయ్యాడు గాని, ఆ సంపుటి భాష, సంస్కృత సమాసాల బరువు, నగర విద్యావంతుడికి మాత్రమే అందే సూచనలు అతణ్ణి పాఠకుడిగా ఊహించలేదు. ఆవిష్కర్త ఒకరు, ఉద్దిష్ట పాఠకుడు మరొకరు. ఆ చర్య చేరింది పత్రికలు చదివే మధ్యతరగతినే, తిట్టు తగలవలసినదీ ఆ మధ్యతరగతికే కాబట్టి వ్యూహం గురి తప్పలేదు. కాని శ్రామికుడి చేతి మీదుగా వెళ్లిన పుస్తకం శ్రామికుడి చేతిలో ఉండిపోలేదన్నది కూడా ఆ సంపుటాల విమర్శలో భాగం కావాలి.

సభాకేంద్రిత ప్రచురణ ప్రభావం పుస్తకంలో ఎక్కడ కనిపిస్తుందంటే, పీఠికల్లో. వంద పుటల కవితా సంపుటికి మూడు, నాలుగు ముందుమాటలు ఉండటం ఇవాళ మామూలు. ఒక్కో ముందుమాట సభలో ఒక్కో ఆసనానికి సమానం. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానానికి చలం రాసిన పీఠిక పేరు ‘యోగ్యతాపత్రం’. పేరులో ధ్రువీకరణ ఉన్నా, ఆ రచన పాఠకుడితో నేరుగా తలపడి, స్వతంత్ర వ్యాసంగా నిలిచింది. నేటి ముందుమాటలకు పేరులో ఆ వ్యంగ్యం లేదు గాని పని మాత్రం అక్షరాలా యోగ్యతాపత్రానిదే. అవి పాఠకుణ్ణి పలకరించవు. ఈ కవిని ఎవరెవరు గుర్తించారో తోటి కవులకు తెలియజేస్తాయి.

ఉచిత ప్రతి లెక్క

సంతకంతో ఇచ్చే ఉచిత ప్రతి రచయితకు ప్రేమతో చేసే ఖర్చు. దాని లెక్కను రచయితలు వేసుకోరు. ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. 500 ప్రతుల సంపుటికి ప్రతి ఒక్కటికి 80 రూపాయల చొప్పున 40,000 రూపాయలు ఖర్చయిందనీ, వెల 150 రూపాయలనీ, పుస్తక దుకాణం 40 శాతం మినహాయించుకుంటుందనీ అనుకుందాం. దుకాణం ద్వారా అమ్మితే ప్రతికి 90 రూపాయలు చేతికొస్తాయి. సభలోనూ తపాలాలోనూ 200 ప్రతులు పంచిన రచయిత, మిగిలిన 300 ప్రతులూ ఒక్కటి మిగలకుండా అమ్మినా వచ్చేది 27,000. అంటే పుస్తకం పూర్తిగా అమ్ముడైనా నష్టమే. అవే 300 ప్రతులను దుకాణం లేకుండా తపాలా ఖర్చు 30 రూపాయలు తానే భరించి నేరుగా పంపితే 36,000 వస్తాయి, అప్పుడూ చాలవు. ఉచిత ప్రతులు 50కి తగ్గించుకుని 450 ప్రతులు దుకాణం ద్వారానే అమ్మగలిగితే 40,500 వచ్చి ఖర్చు తీరుతుంది. వెల ఎంత, తగ్గింపు ఎంత అని రచయితలు వాదించుకుంటారు గాని, పుస్తకం భవితవ్యాన్ని తేల్చే అంకె ఉచిత ప్రతులది.

ఈ లెక్కకు సాహిత్య పర్యవసానం ఉంది. నష్టం తప్పదని ముందే తెలిసిన రచయిత, అమ్మకాన్ని ఆశించడం మానేస్తాడు. అమ్మకాన్ని ఆశించనివాడికి అపరిచిత పాఠకుడితో పనిలేదు. కొన్ని పుస్తకాల మీద వెల స్థానంలో ‘అమూల్యం’ అని ఉంటుంది. వెల కట్టలేనిదనీ, వెల లేనిదనీ రెండర్థాలిచ్చే ఈ మాట పుస్తకం విషయంలో రెండో అర్థంలోనే నిజమవుతుంది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లో, ‘గౌరవనీయులైన...’ అని మొదలయ్యే సంతకాలతో, మడత కూడా విప్పని పుటలతో ఉన్న కవితా సంపుటాలను చూసినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు.

తక్కువ వెల: రంగనాయకమ్మ ఎంచుకున్న దారి

స్వీయ ప్రచురణను సభా సంప్రదాయానికి బయట, దీర్ఘకాలం, ఒక స్థిరమైన పద్ధతిగా నడిపిన రచయిత్రి రంగనాయకమ్మ. స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో ఆమె తన పుస్తకాలను తానే ప్రచురించుకున్నారు. ఆ సంస్థ పేరు ఆమె నవల పేరే. లావుపాటి పుస్తకం, గట్టి అట్ట, అదే పరిమాణంలోని ఇతర పుస్తకాలతో పోలిస్తే చాలా తక్కువ వెల: ఇది ఆమె ప్రచురణలను చేతిలోకి తీసుకున్న ఎవరికైనా మొదట తట్టే విషయం. 1970వ దశకంలో మూడు భాగాలుగా వచ్చిన రామాయణ విషవృక్షం, మార్క్స్ ‘కాపిటల్’కు ఆమె సంపుటాలుగా రాసిన పరిచయం, రెండూ వాదగ్రంథాలు. వాదగ్రంథానికి కావలసింది మెచ్చుకునే కొద్దిమంది కాదు, ఒప్పుకునేవారూ ఎదురు తిరిగేవారూ కలిసిన పెద్ద సంఖ్య. కాబట్టి వెల తగ్గించడం ఇక్కడ దాతృత్వమూ కాదు, వ్యాపార చమత్కారమూ కాదు. రచనా స్వభావం నుంచి పుట్టిన నిర్ణయం.

ఈ నిర్ణయం రచనలోకి ఎట్లా తిరిగి వచ్చిందో గమనించాలి. ఆమె ముందుమాటలు ప్రముఖుల చేత రాయించుకున్నవి కావు, పాఠకులను ఉద్దేశించి తానే రాసుకున్నవి. వచ్చిన అభ్యంతరాలకు సమాధానాలు, వివరణలు, మార్పులు తర్వాతి ముద్రణల్లో చేరతాయి. వాక్యం చిన్నది. ప్రశ్న వేసి జవాబు చెప్పే ధోరణి, చెప్పిన విషయాన్నే మరో ఉదాహరణతో మళ్లీ చెప్పే పద్ధతి ఆ వచనంలో ప్రస్ఫుటం. దీన్ని పునరుక్తి దోషంగా ఎత్తిచూపిన విమర్శ, ఆ వాక్యం ఎవరికి చేరడానికి అట్లా మలచబడిందో అడగలేదు. పుస్తకాల దుకాణంలో ధైర్యం చేసి మొదటిసారి కాపిటల్ పరిచయాన్ని కొనే పాఠకుడికి పునరుక్తి దోషం కాదు, ఊతం.

అయితే దీన్ని అందరికీ ఆదర్శంగా చూపడం తొందరపాటే. బలిపీఠం, పేకమేడలు వంటి నవలలు వారపత్రికల ద్వారా ఆమెకు విస్తారమైన పాఠకవర్గాన్ని ముందే సంపాదించి పెట్టాయి. తక్కువ వెలకు అర్థం ఉండేది ఎక్కువ ప్రతులు వేసినప్పుడే, ఎక్కువ ప్రతులు వేయగలిగేది ఎదురుచూసే పాఠకులు ఉన్నప్పుడే. మొదటి సంపుటి తెస్తున్న కవి 500 ప్రతులు వేసి వెల సగానికి తగ్గిస్తే, నష్టం పెరుగుతుందే తప్ప పాఠకుడు పెరగడు. వీరేశలింగానికి వివేకవర్ధని ఏమి చేసిందో రంగనాయకమ్మకు వారపత్రిక అదే చేసింది. ఆ వారపత్రికలే క్రమంగా కనుమరుగైన కాలంలో కొత్త రచయిత ఆమె వెలను అనుకరించగలడు గాని ఆమె పరిస్థితిని తెచ్చుకోలేడు.

వెల కన్నా స్థలాన్ని నమ్ముకున్న ఉదాహరణ నామిని సుబ్రహ్మణ్యం నాయుడిది. పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కతలు చిత్తూరు జిల్లా మాండలిక వచనానికి ప్రతిష్ఠ తెచ్చాయి. ఆ రచయితే తర్వాత పాఠశాలలకు వెళ్లి పిల్లలతో, ఉపాధ్యాయులతో మాట్లాడుతూ చదువుల మీద పుస్తకాలు రాశాడు. ఆ పుస్తకాల్లో ఎదుట నిలబడి మాట్లాడే గొంతు ఉంది. అవి మొదటి కథల స్థాయిని అందుకోలేదన్న అభిప్రాయంలో నిజం ఉండవచ్చు. ఆ తేడాకు ప్రతిభ తరుగుదలను కారణంగా చూపేముందు, వరండాలో కూర్చున్న పిల్లలు, వారపత్రిక చదివే పెద్దలు ఒకే శ్రోతలు కారన్న సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

చదవని పాఠకులు

కొనుగోలుదారు ఉండి పాఠకుడు లేని రెండు మార్గాలు కూడా ఉన్నాయి. మొదటిది గ్రంథాలయ కొనుగోలు. ప్రభుత్వ గ్రంథాలయ సంస్థలు కొంటాయన్న ఆశతో ముద్రించే పుస్తకానికి పుటల సంఖ్యే ఆదాయం. పుటల లెక్కన వెల కట్టే పద్ధతి ఉన్నచోట, పుటకు పది పంక్తులు, కవితకో బొమ్మ, వెనుక అభిప్రాయాల అనుబంధం చేరడం సహజం. కవిత నిడివిని గురించి రూపవాద పరిభాషలో చర్చించేముందు ఈ కొలతను కూడా తెలుసుకోవాలి. అయినా గ్రంథాలయపు బీరువాలో ఉన్న పుస్తకానికి ఎప్పుడో ఒకప్పుడు పాఠకుడు తారసపడే అవకాశం ఉంది.

రెండవ మార్గానికి ఆ అవకాశం కూడా తక్కువ, అది విశ్వవిద్యాలయాలకు దగ్గరి విషయం. 2010 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు పాయింట్ల పద్ధతిని తెచ్చాయి. ఐ.ఎస్.బి.ఎన్. ఉన్న గ్రంథానికి ఆ పద్ధతిలో విలువ ఉండేది. ఆ సంఖ్య మన దేశంలో రుసుము లేకుండానే లభిస్తుంది. ఫలితంగా సిద్ధాంత గ్రంథాన్నో, సదస్సు పత్రాలనో సొంత ఖర్చుతో కొద్ది ప్రతులు అచ్చు వేయించుకోవడం తెలుగు శాఖల్లో విస్తరించింది. ఈ పుస్తకానికి విక్రయ వ్యూహం అవసరం లేదు, ఎంపిక సంఘం ముందు బల్ల మీద ఒక ప్రతి ఉంటే చాలు. సిద్ధాంత గ్రంథాన్ని సాధారణ పాఠకుడి కోసం తిరగరాసే శ్రమ ఇందువల్లనే కనిపించదు: అధ్యాయ విభజన అదే, ప్రవేశికలో పరిశోధనా పరిధి అదే, చివర ఉపసంహారమూ అదే. సభాకవికి తోటి కవులైనా పాఠకులుగా మిగిలారు. కవుల ముందుమాటలను పరిహసించే విమర్శక వర్గం తన సొంత ప్రచురణల ‘ప్రతులకు’ పంక్తిని కూడా ఒకసారి చూసుకోవలసి ఉంది.

అంకెల యుగం

2010 ప్రాంతంలో కినిగె తెలుగు పుస్తకాలను అంతర్జాలంలో అమ్మడం మొదలుపెట్టినప్పుడు, విదేశాల్లోని తెలుగువారికి పుస్తకం చేర్చే కష్టం తీరుతుందన్న ఆశ కలిగింది. దూరం అడ్డుకాకుండా పోయిన మాట నిజమే. కాని 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు. తమిళ, మలయాళ రచయితలకు ఆనాడు తెరుచుకున్న ద్వారం తెలుగు రచయితకు తెరుచుకోలేదు. విద్యుత్ పుస్తకం తెలుగులో అమ్మకపు వస్తువుగా కన్నా ఉచితంగా చేతులు మారే పీడీఎఫ్‌గా స్థిరపడటానికి ఇది కూడా ఒక కారణమని భావించవచ్చు. ఉచిత ప్రతి సంస్కృతి కాగితాన్ని వదిలి తెర మీదికి వచ్చింది.

దీనికి ఎదురు నడిచే మార్పు ఒకటి ఉంది. రచయిత తన ఫేస్‌బుక్ పుటలోనో వాట్సాప్ బృందంలోనో కథలు పెడుతూ, వాటికి అలవాటుపడినవారి నుంచి ముందుగానే సొమ్ము తీసుకుని, అంతవరకే ముద్రించి, తపాలాలో పంపడం. ఇది కొత్తగా కనిపించినా వివేకవర్ధని క్రమమే: ముందు పాఠకులు, తర్వాత పుస్తకం. ఆ దారికి తపాలా ప్రాణం. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టును ఆపివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలకు తగిలిన దెబ్బ చిన్నది కాదు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ పేరుతో పుస్తకాలకు మళ్లీ తక్కువ రుసుము సేవ వచ్చింది. ఇట్లా అమ్ముడైన కథా సంపుటాల్లో ముందుమాటలు తగ్గడం, కథలు పొట్టివి కావడం, మొదటి పేరాలోనే విషయం తెరమీదికి రావడం గమనించదగినవి. మొదటి రెండు లక్షణాలు మేలు చేశాయి. మూడవది కథకు ఎల్లవేళలా మేలు చేస్తుందని చెప్పలేం. నెమ్మదిగా మొదలయ్యే కథ బొటనవేలి కింద జారిపోతుందన్న భయం, చదివించే నేర్పుగా చెలామణి అవుతున్నది.

ఈ మార్గాలన్నింటినీ తులనాత్మకంగా పరిశీలించడానికి కావలసిన ఆధారం ముద్రణ వివరాల పుటే. 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం ప్రతి పుస్తకం మీద ముద్రాపకుడి పేరూ స్థలమూ ఉండాలన్నది. నమోదు పట్టికలో పుటలు, ముద్రణ సంఖ్య, ప్రతులెన్ని, వెల ఎంత, హక్కుదారు ఎవరు అన్న వివరాలు చేర్చాలన్నది. వలస ప్రభుత్వం వీటిని అడిగింది సాహిత్యం మీద ప్రేమతో కాదు, నిఘా కోసం. అయినప్పటికీ 19వ శతాబ్దపు చివరి దశకాల్లో సొంత ఖర్చుతో అచ్చయిన తెలుగు శతకాల, నాటకాల, కథాగ్రంథాల ప్రతుల సంఖ్యనూ వెలనూ మద్రాసు ప్రెసిడెన్సీ త్రైమాసిక పట్టికల్లో వెతికే అవకాశం ఆ నిఘా వల్లనే మిగిలింది. ఆ చట్టం స్థానంలో 2023లో చేసి, 2024 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త చట్టం పత్రికలకే పరిమితమైంది, పుస్తకాలు దాని పరిధిలో లేవు. మరొకవైపు కోరినప్పుడల్లా కొన్ని ప్రతులు ముద్రించే పద్ధతి వచ్చాక ‘ప్రతులు: 500’ అన్న పంక్తి పుస్తకాల నుంచి మాయమవుతున్నది. సిద్ధాంత గ్రంథాల సూచికల్లో రచయిత పేరు, గ్రంథనామం, సంవత్సరం పక్కన ‘స్వీయ ప్రచురణ’ అని రాసి ఊరుకోకుండా, ప్రతులెన్ని, వెల ఎంత, ‘ప్రతులకు’ కింద ఎవరి చిరునామా ఉంది, ముందుమాటలెన్ని అన్న నాలుగు వివరాలు చేర్చడానికి పట్టేది ఒక్క పంక్తి.